పదిహేను అంగుళాల కాలర్

ఫిబ్రవరి 3

కత్తెరక్కకు,

నువ్వు పంపిన ఆరు చొక్కాలూ అందాయి. బట్ట బాగుంది, కాజాలు బాగున్నాయి. కాలర్ లోపలి వైపు చిన్న బొంగరం బొమ్మ కుట్టావు చూడు, అది మరీ బాగుంది. చిన్నప్పుడు ఒక్కచోట కుదురుగా కూర్చోనని నువ్వు పెట్టిన పేరు ఇప్పుడు వర్క్‌షాపంతా తెలిసిపోయింది. నలుగురూ బొంగరం అని పిలుస్తున్నారు. సంతోషమేనా?

ఇక ఇష్టం లేకపోయినా ఒక సంగతి చెప్పాలి. కాలర్ బిగుతుగా ఉంది. పై గుండీ పెడితే ఊపిరాడటం లేదు. నడుం దగ్గరేమో ఇంకో మనిషి దూరేంత వదులు. వేరే ఎవరి కొలతలతోనైనా కలిసిపోయాయేమో చూసుకో.

మీ మరదలికి ఆరో నెల. ఆకలి తనకు వేయాలి కదా, వేస్తున్నది నాకు. తన కంచంలోది కూడా నేనే లాగించేస్తుంటే, “కడుపుతో ఉన్నది నువ్వా నేనా?” అని ఎగతాళి చేస్తోంది. ఇక్కడ అందరూ స్వెట్టర్లు వేసుకుని తిరుగుతుంటే నేనొక్కడినే ఫ్యాను పెట్టుకుంటున్నాను. దాని మీద రోజూ ఒక గొడవ.

మేస్త్రితో కూడా మాటా మాటా వచ్చింది. నేను బాగుచేసిన మందుల షాపు త్రాసులు రెండు తిరిగొచ్చాయి, ముల్లు నిలవటం లేదట. పదహారేళ్ల నుంచి త్రాసులు బాగుచేస్తున్నవాడిని, అందరి ముందూ అంటే పడతానా? గట్టిగానే అన్నాను. తర్వాత బాధపడ్డాను. ఈ మధ్య ఎందుకో ఇట్టే కోపం వస్తోంది.

ఫోన్ చేయలేదని అనుకోకు. ఫోన్లో అయితే నేను అరుస్తాను, నువ్వు ఠకీమని పెట్టేస్తావు. మనిద్దరికీ ఉత్తరాలే నయం.

అమ్మను అడిగానని చెప్పు.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 9

బొంగరానికి,

నీ ఉత్తరం చదివి అమ్మకు వినిపించాను. కాలర్ సంగతి మాత్రం వినిపించలేదు. ముప్పై ఏళ్ల నుంచి మిషను తొక్కుతున్నాను, ఈ వీధిలో చొక్కా అంటే నా చొక్కానే. ఒక్కరంటే ఒక్కరు కాలర్ బిగిసిందని వెనక్కి తేలేదు. నీ కొలతలు పోయిన ఏడాది నువ్వు వచ్చినప్పుడు నా చేత్తో నేనే తీశాను. మెడ పదిహేను, నడుం ముప్పై నాలుగు. పుస్తకంలో రాసి ఉంది. ఇద్దరి తిండి తింటున్నానని నువ్వే రాస్తావు, మళ్లీ కాలర్ బిగుతని నన్నే అంటావు. ఆ మెడ ఎందుకు బిగుస్తోందో నీకే తెలియాలి.

అమ్మ బాగానే ఉంది. కాజాలు ఇంకా తనే కుడుతోంది. మందు వేసుకోమంటే మాత్రం వినపడని ఎడమ చెవి నా వైపు తిప్పి కూర్చుంటుంది. నచ్చని మాటకు తన జవాబు అదే కదా.

మేస్త్రి మీద అరిచావా? ఇంట్లోకి మనిషి రాబోతుంటే ఉద్యోగం దగ్గర ఈ రంకెలేమిటి? ఇంత చిన్న మాటకు అంత కోపమా? అచ్చం నాన్నలా.

నాలుగు ముక్కలు ఎక్కువ రాస్తే నేనూ ఏదో అంటాను. ఇక్కడితో ఆపుతున్నాను. మరదలిని బరువులు ఎత్తనివ్వకు.

అక్క


ఫిబ్రవరి 15

అక్కా,

నీ టేపు తప్పు. ఎలా అంటావా? నిన్న వర్క్‌షాపులో కాటా మీద నిలబడ్డాను. మూడుసార్లు చూశాను. పోయిన ఏడాది మీద తొమ్మిది కిలోలు తగ్గాను. నా కాటా అబద్ధం చెప్పదు, దాన్ని బాగుచేసింది నేనే. తొమ్మిది కిలోలు తగ్గిన మనిషికి మెడ లావవుతుందా? ఎక్కడైనా చూశావా? కొలత తీసేటప్పుడు ఎవరితోనో కబుర్లు చెబుతూ ఉంటావు. తప్పు చేశానని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోతుంది?

సరే, చొక్కాలు వదిలెయ్. నువ్వు రాసిన ఆ ముక్క నన్ను ఈ రెండు మూడు రోజులూ పడుకోనివ్వలేదు. నిద్ర అసలే అంతంత మాత్రం. నాన్నలా అన్నావు. ఆ మాట ఇంకోసారి అనకు. లేదా అన్నదానివి పూర్తిగా చెప్పు. ఆ ఇంట్లోంచి మనం వచ్చేసినప్పుడు నాకు ఐదేళ్లు. నాకు గుర్తున్నదల్లా ఇస్త్రీ పెట్టె కిందపడిన చప్పుడూ, ఆ తర్వాత అమ్మ చేత్తో చెవి మూసుకోవటమూ. అంతే. ఆయన మొహం కూడా సరిగా గుర్తులేదు.

నా వయసులో ఆయన ఎలా ఉండేవాడు? నాకు ముప్పై ఆరు. నువ్వు చూశావు కదా. నిజం రాయి.

తమ్ముడు


ఫిబ్రవరి 22

తమ్ముడికి,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. అడగకపోతే ఈ సంగతులు నాతోనే పోయేవి.

నాన్న మొదట్లో అలాంటివాడు కాదు. ఇది నీకెవరూ చెప్పలేదు, నేను కూడా చెప్పలేదు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని బడికి తీసుకెళ్లేవాడు. గుండీలు దారానికి గుచ్చి బొమ్మలు చేసిచ్చేవాడు. నాకు పన్నెండేళ్లు వచ్చేదాకా ఆయన గొంతు పైకి లేవటం నేను వినలేదు. ఆయనకు ముప్పై ఐదు దాటాక మనిషి మారిపోయాడు. పడుకునేవాడు కాదు, ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతుండేవాడు. ఎవరైనా గ్లాసు చప్పుడు చేసినా కేకలు. తర్వాత తనే ఏడ్చేవాడు. ఆ ఏడుపును అమ్మ రెండేళ్లు నమ్మింది. ఆఖరికి ఆ ఇస్త్రీ పెట్టె. ఎడమ చెవి పక్కన తగిలింది. ఇక ఆ చెవి వినపడలేదు. నేను నిన్ను ఎత్తుకున్నాను, అమ్మ మిషనూ కొలతల పుస్తకమూ పట్టుకుంది. వచ్చేశాం.

పొగరెక్కి అలా అయ్యాడని అందరూ అన్నారు. నేనూ అదే అనుకున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. ఒంట్లో ఉన్న గుణం ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. అందుకే నీకు చెప్పేది. జాగ్రత్తగా ఉండు. కోపం వచ్చినప్పుడు బయటికి పోయి నడిచి రా.

కొలత మాత్రం తప్పు కాదు.

అక్క


మార్చి 1

అక్కా,

నువ్వు రాసినట్టే అయింది.

మొన్న మధ్యాహ్నం మందుల షాపు త్రాసు ఒకటి ఇంటికి తెచ్చుకుని సరిచేస్తున్నాను. చెయ్యి నిలవటం లేదు, ముల్లు నిలవటం లేదు. మీ మరదలు వచ్చి, “ఇలా ఇవ్వు, నేను పట్టుకుంటాను” అంది. అంతే, ఇంకేమీ అనలేదు. పావుకిలో ఇత్తడి తూకపు రాయి నా చేతిలో ఉంది. మరుక్షణం చేతిలో లేదు. తలుపు చెక్కకు తగిలి కింద పడింది. చెక్క మీద పడిన సొట్టకూ తన చెవికీ మధ్య బెత్తెడు కూడా లేదు. ఎడమ చెవి.

తను ఏడవలేదు. పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని నన్ను అలా చూస్తూ నిలబడింది. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను.

ముప్పై ఐదు దాటాక అన్నావు. నాకూ అప్పుడే వచ్చింది. గుణం ఒంట్లో ఉంటే బయటపడి తీరుతుందని కూడా నువ్వే రాశావు. ఇంక నేను ఆగి ఏం చేయాలి? ఊరూరా తిరిగి తూకాలు సరిచూసే పని ఒకటుంది, ఎవరూ ఒప్పుకోరు దానికి. నేను ఒప్పుకున్నాను. ఇరవయ్యో తారీఖున బయల్దేరుతున్నాను. బిడ్డ పుట్టేనాటికి నేను ఈ ఇంట్లో ఉండకూడదు. తనను నీ దగ్గరికి పంపుతాను, అమ్మా నువ్వూ చూసుకోండి. నేను వచ్చినా తలుపు తీయొద్దు.

నీ చొక్కా ఒకటి తిరిగి పంపుతున్నాను. తీరిగ్గా కొలుచుకో. ఎవరిది తప్పో ఇకనైనా తేలుతుంది. జవాబు రాయకు.

తమ్ముడు


మార్చి 6

ఒరేయ్ తమ్ముడూ,

ఇది చివరిదాకా చదువు. నా మీద ఒట్టు. కోపం వస్తే పక్కన పెట్టి, కాసేపాగి మళ్లీ చదువు.

చొక్కా వచ్చింది. నీ ఉత్తరం చదివాక కూడా, సిగ్గు లేకుండా, ముందు కాలరే కొలిచాను. పదిహేను. నూలుపోగు తేడా లేదు. నాదే గెలుపు అనుకున్నాను. మరి నీ కాటా? నువ్వు బాగుచేసిన కాటా తప్పు చెబుతుందా? అదీ కరెక్టే అయ్యుండాలి. రెండూ కరెక్టయితే మనిషి చిక్కిపోతున్నాడు, మెడ లావవుతోంది. ఎక్కడైనా చూశావా అని అడిగావు కదా. చూశాను రా. అమ్మ పాత కొలతల పుస్తకంలో చూశాను.

ఆ రోజుల్లో నాన్న చొక్కాలు అమ్మే కుట్టేది. ఏడాదికొకసారి కొలత తీసి రాసుకునేది. నాన్నకు ముప్పై నాలుగేళ్లప్పుడు మెడ పదిహేను, నడుం ముప్పై ఐదు. ముప్పై ఐదుకు మెడ పదిహేనున్నర, నడుం ముప్పై మూడు. ముప్పై ఆరుకు మెడ పదహారుంపావు, నడుం ముప్పై ఒకటి. పక్కన అమ్మ రాత, “కాలర్ బిగుతని గొడవ.” ఆ ఒక్క ముక్కా చదివి మిషను వదిలి లేచాను.

నా దగ్గర తెల్లకోట్లు కుట్టించుకునే డాక్టరమ్మ ఉంది. పుస్తకం, నీ చొక్కా, నీ ఉత్తరాలు అన్నీ పట్టుకుని ఆమె దగ్గరికి పరుగెత్తాను. మన ఇంటి గుట్టంతా పరాయి మనిషి ముందు పరిచాను, తిట్టుకుంటే తిట్టుకో. ఆమె నీ ఫిబ్రవరి ఉత్తరాన్నీ మార్చి ఉత్తరాన్నీ పక్కపక్కన పెట్టింది. “ఈ రాత చూడండి. అక్షరాలన్నీ వణుకుతున్నాయి” అంది. చలిలో చెమట పడుతుందా, ఎంత తిన్నా చిక్కుతున్నాడా, నిద్ర లేదా, గుండె దడా అని అడిగింది. అన్నీ నీ ఉత్తరాల్లోనే ఉన్నాయి. దడ సంగతి నువ్వు రాయలేదు, ఉండే ఉంటుంది.

“మనిషిని చూడకుండా ఇదేనని చెప్పను” అంది ఆమె. “కానీ గొంతు దగ్గర థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంటుంది. ఒళ్లు ఎంత వేగంగా నడవాలో దాని హార్మోనే చెబుతుంది. అది అదుపు తప్పితే గుండె పరిగెడుతుంది, చెయ్యి వణుకుతుంది, తిన్నది ఒంటపట్టదు, కోపం ఆగదు. కొందరికి గ్రంథి వాచి మెడ లావవుతుంది. తండ్రికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. వచ్చి తీరాలని లేదు. రక్తపరీక్ష చేస్తే తెలిసిపోతుంది. ఆలస్యం చేస్తే గుండెకు ముప్పు.”

నేను గుణం అన్నాను. నా మాట పట్టుకుని నువ్వు ఇల్లు వదిలిపోతున్నావు. ఇల్లు వదిలేముందు ఒక్క పని చెయ్. ఈ కవర్లో టేపు ముక్క పెట్టాను, సరిగ్గా పదిహేను అంగుళాలకు కత్తిరించాను. మెడకు చుట్టుకో. రెండు కొసలూ కలిస్తే నీ ఇష్టం, ఎక్కడికైనా పో. కలవకపోతే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లు. ఇరవయ్యో తారీఖు లోపల నీ జవాబు రాకపోతే అమ్మను పక్కింట్లో ఉంచి నేనే బయల్దేరి వస్తాను.

అక్క


మార్చి 16

అక్కా,

నిజం చెబుతున్నాను, నీ ఉత్తరం విప్పకుండానే చెత్తబుట్టలో పడేశాను. మీ మరదలు తీసి చదివింది. నేను పెట్టె సర్దుకుంటుంటే వెనకనుంచి వచ్చి మెడకు టేపు చుట్టింది. ఆ పూట ఏం చేస్తానోనని నాకే భయం వేసి చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాను. కొసల మధ్య రెండు వేళ్లు పట్టాయి. రోజూ అద్దంలో చూసుకునే మెడే కదా, ఎప్పుడు పెరిగిందో నాకు తెలియదు.

రక్తం తీశారు. నీ డాక్టరమ్మ అన్నదే అయింది. నాడి పట్టుకున్న డాక్టరు, నూట ముప్పై కొట్టుకుంటుంటే ఎలా నడిచి వచ్చారని అడిగాడు. మాత్రలు ఇచ్చాడు. చేతి వణుకు త్వరగానే తగ్గుతుందట, మిగతా వాటికి వారాలు, నెలలు పడుతుందట. ఊళ్లు తిరిగే పని వద్దని చెప్పేశాను. మేస్త్రి సెలవిచ్చాడు.

సంతోషించావా? నేనూ సంతోషించాను, ఒక పూట. ఇంటికి రాగానే మీ మరదలితో, “చూశావా, విసిరింది నేను కాదు, ఈ గ్రంథి” అన్నాను. తను కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. “గ్రంథి నీకు కోపం తెప్పించిందంటే నమ్ముతాను. నువ్వు రాయి తలుపు మీదికి విసిరావా, నా మీదికి విసిరావా? అది చెప్పు” అంది. తెలియదు అక్కా. నిజంగా తెలియదు. అదే చెప్పాను. ఆ జవాబు విని తను నీ దగ్గరికి రావటం మానుకుంది. మళ్లీ జబ్బు మీదికే నెట్టి ఉంటే ఆ పూటే వచ్చేసేదాన్నని తర్వాత చెప్పింది. ఇకమీదట తూకపు రాళ్లు ఇంటికి తేకూడదని షరతు పెట్టింది. ఒప్పుకున్నాను. మా ఇద్దరి మధ్యా మాటలు ఇంకా పొడిపొడిగానే ఉన్నాయి.

ఒక్కటి అడుగుతాను. నాన్నకూ ఇదే అయితే, ఆయన మంచివాడేనా? మనం ఒక రోగిని వదిలేసి వచ్చామా?

తమ్ముడు


మార్చి 23

తమ్ముడికి,

నీ ఉత్తరం అందిన రోజు మిషను తొక్కలేదు. ఏడ్చాను. సంతోషమో ఇంకేమిటో తెలియదు.

నీ ప్రశ్న అమ్మనే అడిగాను, కుడి చెవి దగ్గర కూర్చుని, అన్నీ చెప్పి. అమ్మ చేతిలోని కాజా పూర్తిచేసి దారం తెంపింది. “జబ్బయితే అయింది. చెవి మాత్రం నాదే కదా” అంది. వదిలేసి రాకపోతే రెండో చెవి కూడా పోయేదని అంది. సాయంత్రం ఉన్నట్టుండి, “అప్పట్లో మందు ఉండేదా?” అని అడిగింది. ఉండేదని చెప్పాను. ఆ పూట అమ్మ భోజనం చేయలేదు.

ఇంకొకటి ఉంది. నీకు చెప్పలేదు, అమ్మకు అసలే చెప్పలేదు. నాకు ఇరవై ఏళ్లప్పుడు నాన్న నుంచి నా పేరున ఉత్తరం వచ్చింది. అప్పటికి షాపు నేనే చూస్తున్నాను. అక్షరాలన్నీ వంకరటింకర. అమ్మను అడగలేదు, క్షమించమని కూడా అడగలేదు. “బయట కొన్న చొక్కాలన్నీ మెడ దగ్గర బిగుస్తున్నాయి తల్లీ. పదిహేడు పెట్టి ఒక్క చొక్కా కుట్టి పంపు” అని రాశాడు. చొక్కా కుట్టాను. కాలర్ పదిహేడు పెట్టలేదు. పదిహేనే పెట్టాను. కావాలనే పెట్టాను. రెట్టింపు కుట్టు వేశాను, విప్పుకోవటానికి కూడా వీలు లేకుండా. అమ్మ చెవి నా కళ్ల ముందు ఉంది మరి. పోస్టు చేసి వస్తుంటే నాకు హాయిగా అనిపించింది. మూడు నెలలకు గుండె ఆగి చనిపోయాడని కబురు వచ్చింది.

నువ్వు కాలర్ బిగుతని రాస్తే నేనెందుకు అంత మండిపడ్డానో ఇప్పుడు తెలిసిందా?

మంచివాడా కాదా అని నన్ను అడగకు. నాకు తెలియదు. ఊపిరాడటం లేదని చెప్పుకోవటానికి ఆయనకు మిగిలింది నేనొక్కదాన్నే. అంతవరకే నాకు తెలుసు.

అక్క


మే 28

అక్కా,

ఆడపిల్ల. మూడుంపావు కిలోలు. ఆసుపత్రి కాటా ముల్లు కొంచెం ఎడమకు ఉందని చెప్పబోతే మీ మరదలు నోరు మూయించింది. చాలా రోజుల తర్వాత నన్ను చూసి నవ్వింది. పాపను మొదటిసారి చేతుల్లో పెట్టినప్పుడు నేను పాపను చూడలేదు, నా చేతులను చూసుకున్నాను. కదల్లేదు. ఇప్పుడు ఈ రాత చూడు, నీకే తెలుస్తుంది.

కోపం పూర్తిగా పోలేదు. వస్తోంది. కానీ వస్తున్నట్టు ముందే తెలుస్తోంది, లేచి బయటికి పోయే టైము దొరుకుతోంది. ఇంతకుముందు ఆ టైమే ఉండేది కాదు. నాన్నకు అది ఒక్కరోజు కూడా దొరికి ఉండదని అనిపిస్తుంది. తలుపు చెక్క మీది సొట్ట పూడ్చనివ్వటం లేదు మీ మరదలు. ఉండనీ అంది.

ఆ చొక్కా సంగతి చదివి రెండు నెలలు జవాబు రాయలేకపోయాను. ఏం రాయాలో తోచలేదు. నీ మీద కోపం లేదు. క్షమించటానికి అది నాకు చేసిన తప్పు కాదు.

మా డాక్టరు, ఇంట్లో ఇంకెవరున్నారు, వాళ్లనూ పరీక్ష చేయించుకోమనండి అన్నాడు. నీకు నలభై ఐదు. ఊరందరి మెడలూ కొలుస్తావు, నీ మెడ ఎవరైనా కొలిచారా? కోపం నీకు మాత్రం తక్కువా? ఆ పదిహేను అంగుళాల ముక్క తిరిగి పంపుతున్నాను. కొలుచుకుని, రక్తపరీక్ష కూడా చేయించుకుని రాయి. ఎవరికి తెలుసు, నీది కూడా ఇదేనేమో. నువ్వు అప్పుడు అలా చేయటానికి కూడా ఏదైనా కారణం ఉందేమో.

తమ్ముడు


జూన్ 9

తమ్ముడికి,

పాప ఫోటో చొక్కాలు కత్తిరించే బల్ల అద్దం కింద పెట్టాను. అమ్మ రోజుకు పదిసార్లు అటు వస్తోంది.

నువ్వు చెప్పినట్టే చేశాను. మెడ అమ్మే కొలిచింది. పదమూడు. డాక్టరమ్మ రక్తం తీయించింది. నాలుగు రోజులు ఆ రిపోర్టు కోసం ఎదురుచూశాను. నవ్వకు, జబ్బు ఉండాలని ఎదురుచూశాను. ఉందని తేలితే, ఇరవై ఏళ్ల పిల్ల ఆ కాలర్ అంత బిగించి కుట్టటానికి ఒక కారణం ఉండేది. నీకు దొరికింది, నాన్నకు ఆలస్యంగానైనా దొరికింది. నాకూ దొరుకుతుందేమోనని ఆశపడ్డాను.

రిపోర్టు వచ్చింది. అన్నీ మామూలుగానే ఉన్నాయట. నీకేం లేదమ్మా, హాయిగా ఉండమని చెప్పింది డాక్టరమ్మ. ఆ చొక్కా కుట్టింది నేనే తమ్ముడూ. నా ఒంట్లో ఏ గ్రంథీ కాదు, నేనే.

నిన్న అమ్మకు చెప్పాను. ఉత్తరం సంగతి, పదిహేడు అడిగిన సంగతి, రెట్టింపు కుట్టు సంగతి, అన్నీ. చెబుతుండగానే అమ్మ ఎడమ చెవి నా వైపు తిప్పేసింది. నేను లేవలేదు. అక్కడే నేల మీద కూర్చున్నాను. వీధిలో బళ్లు పోతున్నాయి, ఎవరో గిరాకీ వచ్చి పిలిచి వెళ్లిపోయారు. చాలాసేపటికి అమ్మ తల ఇటు తిప్పి, వినపడే చెవి నా వైపు పెట్టింది.

“మళ్లీ చెప్పు” అంది.

మళ్లీ మొదటి నుంచి చెప్పాను.

మిగతా ఐదు చొక్కాలూ పంపెయ్, ఆరింటి కాలర్లూ విప్పి వదులు చేస్తాను.

అక్క